‘మనం’ అంటే ఎవరెవరు? క్యూబెక్ రచయితల తెగని పంచాయితీ

1968 ఆగస్టు 28న, కెనడాలో ఫ్రెంచి ఎక్కువగా మాట్లాడే క్యూబెక్ రాష్ట్రంలో, మాంట్రియల్ నగరంలోని రిదో వేర్ థియేటర్‌లో తెర లేచేసరికి కనిపించింది ఒక కార్మిక కుటుంబపు వంటగది. జెర్మేన్ లోజోన్ అనే గృహిణికి పోటీలో పది లక్షల ట్రేడింగ్ స్టాంపులు బహుమతిగా వచ్చాయి. ఆ రోజుల్లో దుకాణాల్లో సరుకులు కొన్నవారికి ఇలాంటి స్టాంపులు ఇచ్చేవారు. వాటిని చిన్న పుస్తకాల్లో అతికించి తిరిగి ఇస్తే కేటలాగులోని కుర్చీయో, దీపమో, వంటపాత్రలో దక్కేవి. పది లక్షల స్టాంపులు అతికించడం ఒక్కరివల్ల అయ్యే పని కాదు. అందుకని జెర్మేన్ అక్కచెల్లెళ్లను, బంధువులను, ఇరుగుపొరుగు ఆడవాళ్లను సాయానికి పిలుస్తుంది. వచ్చినవాళ్లు కబుర్లు చెప్పుకుంటూ, రేడియోలో ప్రార్థన వస్తే మోకాళ్ల మీద కూర్చుని దండాలు పెట్టుకుంటూ, మధ్యమధ్యలో నిండిన పుస్తకాలను చేతిసంచుల్లోకి జారవిడుస్తుంటారు. వేదిక మీద పదిహేనుమంది, అందరూ ఆడవాళ్లే. దొంగతనం బయటపడి ఇల్లు రణరంగమయ్యాక, ఇప్పుడు కెనడా జాతీయగీతమైన ‘ఓ కెనడా’ పాట వినిపిస్తుంది, పైనుంచి స్టాంపుల వాన కురుస్తుంది.

నాటకం పేరు ‘లే బెల్ సర్’, అంటే వదినామరదళ్లు. రాసింది మిషెల్ ట్రాంబ్లే. ప్రెస్సు కార్మికుడి కొడుకు, తానూ కొంతకాలం లైనోటైపు మీద అక్షరాలు కూర్చినవాడు. 1965లోనే రాసిన నాటకం వేదిక ఎక్కడానికి మూడేళ్లు పట్టింది. ఎక్కాక చూసినవాళ్లు రెండు వర్గాలుగా చీలిపోయారు. గొడవంతా భాష మీద. ఆ ఆడవాళ్లు బడిలో నేర్పే ఫ్రెంచి మాట్లాడరు. చదువుకున్నవాళ్లు ‘జువాల్’ అని ఈసడించుకునే కార్మికవాడల ఫ్రెంచి మాట్లాడతారు. అందులో సగం అక్షరాలు నోట్లోనే ఉండిపోతాయి, ఫ్యాక్టరీ నుంచి ఇంటిదాకా వచ్చిన ఇంగ్లిష్ మాటలు నిండి ఉంటాయి, కోపం వస్తే చర్చిలోని పూజాసామగ్రి పేర్లే తిట్లవుతాయి. (క్యూబెక్‌లో ఘాటైన తిట్లలో చాలావరకు బలిపీఠం మీది వస్తువులే. అక్కడ మతం ఎంత లోతుగా పాతుకుపోయిందో తెలియడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.)

ఆ పదిహేనుమందిలో లిసెట్ ద కూర్వాల్ అని ఒకావిడ ఉంటుంది. యూరప్ చూసివచ్చానని గొప్ప. మిగతావాళ్ల మాటతీరు ఆమెకు నామోషీ, అందుకే పనిగట్టుకుని నాజూకైన ఫ్రెంచి పలుకుతుంది. నిజానికి ఆమె కూర్చున్నదీ అదే వంటగదిలో, అతికిస్తున్నదీ అవే స్టాంపులు. నాటకాన్ని తిట్టిన పెద్దమనుషులను ట్రాంబ్లే ముందే ఊహించి వేదికమీద కూర్చోబెట్టాడని నాకు అనిపిస్తుంది. 1972లో ఈ నాటకాన్ని పారిస్ తీసుకెళ్లడానికి సాయం అడిగితే క్యూబెక్ సాంస్కృతిక శాఖ మంత్రి క్లేర్ కర్క్‌లాండ్-కాస్‌గ్రేన్ కాదన్నారు. మన ఇంటి మాటలు పరాయివాళ్ల ముందు, అందులోనూ ఫ్రాన్సువాళ్ల ముందు ఎందుకన్నది ఆ కాలపు సంకోచం. మరుసటి ఏడాది నాటకం పారిస్ వెళ్లనే వెళ్లింది, మెప్పు పొందింది.

కెనడాలోని ఫ్రెంచి సాహిత్యం గురించి బయటివాళ్లకు సాధారణంగా తెలిసేది ఒక్కటే: అక్కడ ఫ్రెంచివాళ్లకూ ఇంగ్లిష్‌వాళ్లకూ పడదు. అది అబద్ధం కాదు. కానీ ఆ ఒక్క తాళంచెవితో ఈ రచనలను తెరవబోతే చాలా తలుపులు తెరుచుకోవు. ‘వదినామరదళ్లు’లో ఇంగ్లిష్ మనిషి ఒక్కరూ లేరు. తగువంతా ఇంట్లోవాళ్ల మధ్యే. అక్కడ గట్టిగా నిలిచిన పుస్తకాలు, నాటకాలు, సినిమాలు ‘వాళ్ల’ మీద కంటే ‘మనం’ మీదే ఎక్కువ పేచీ పెట్టాయి. మనం అంటే ఎవరు, ఆ లెక్కలోకి ఎవరు వస్తారు, ఎవరిని బయట నిలబెట్టాం అన్నదే ఆ పేచీ.

ఈ ‘మనం’ ఓటమిలోంచి పుట్టింది. 1759లో క్యూబెక్ నగరం బ్రిటిష్ సైన్యానికి చిక్కింది. 1763 పారిస్ ఒప్పందంతో ఫ్రాన్స్ ఆ కాలనీని వదులుకుంది. అధికారులూ ధనికులూ చాలామంది ఓడ ఎక్కి వెళ్లిపోయారు. రైతులు, మతగురువులు మిగిలారు. 1837–38 తిరుగుబాట్లు అణిగాక విచారణకు వచ్చిన లార్డ్ డరమ్ 1839 నివేదికలో వీళ్లకు చరిత్రా లేదు, సాహిత్యమూ లేదు, ఇంగ్లిష్‌వాళ్లలో కలిసిపోవడమే మేలు అని తేల్చాడు. ఆ ఒక్క వాక్యం ఎంతమంది చేత కలం పట్టించిందో! ఫ్రాన్స్వా-గ్జావియే గార్నో తన కెనడా చరిత్ర తొలి సంపుటాన్ని 1845లో తెచ్చాడు. లేదన్న చరిత్రను సంపుటాలుగా రాసి చూపడమే ఆయన జవాబు.

అప్పట్లో ‘కెనడియన్’ అంటే ఫ్రెంచి మాట్లాడేవాడే. ‘ఓ కెనడా’ కూడా 1880లో క్యూబెక్ నగరంలో ఫ్రెంచిలో పుట్టిన పాటే. తర్వాత ఇంగ్లిష్‌వాళ్లూ ఆ పేరు పెట్టుకోవడంతో వీళ్లు ‘ఫ్రెంచి కెనడియన్లు’ అయ్యారు. జెర్మేన్ వంటగదిలో ఆ పాట మోగినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియకపోవడానికి ఈ చరిత్ర కూడా కారణం.

తర్వాత వందేళ్లు కాపలా బాధ్యత చర్చి తీసుకుంది. పొలం, మతం, భాష, గంపెడు పిల్లలు: బతికి బట్టకట్టడానికి ఇదే దారి అన్నది బోధ. దానికి తగ్గ పల్లె నవలలు వచ్చాయి. వాటిలో ప్రపంచమంతటా పేరుపడింది ‘మారియా షాప్‌దలేన్’. అడవి కొట్టి పొలం చేసే కుటుంబంలోని పడుచుకు ముగ్గురు వరులు. మనసుపడ్డవాడు మంచులో దారితప్పి చనిపోతాడు. రెండోవాడు అమెరికా ఫ్యాక్టరీ పట్టణానికి తీసుకెళతానంటాడు. మూడోవాడు పక్క పొలం రైతు. తల్లి పోయాక మారియాకు ఈ నేల గొంతు వినిపిస్తుంది. ఇక్కడ ఏదీ చావకూడదు, ఏదీ మారకూడదు అంటుంది ఆ గొంతు. ఆమె పక్క పొలం రైతునే ఒప్పుకుంటుంది. జాతి ఆత్మకథలా చదివించిన ఈ నవలను రాసిన లూయీ ఎమోన్ ఫ్రాన్సులోని బ్రెస్ట్‌లో పుట్టినవాడు. కెనడాలో రెండేళ్లు కూడా ఉండకుండానే 1913లో ఒంటారియోలో రైలు ఢీకొని చనిపోయాడు. నవల 1914లో పారిస్ పత్రికలో ధారావాహికగా వచ్చాక 1916లో మాంట్రియల్‌లో పుస్తకమైంది. ఇక మారియా కాదన్న దారి సంగతి. 1840–1930 మధ్య సుమారు 9 లక్షలమంది క్యూబెక్ వదిలి అమెరికా వెళ్లారు, ఎక్కువమంది బట్టల మిల్లుల్లో చేరారు. నవల చెప్పింది ఒకటి, జనం చేసింది ఇంకొకటి.

పల్లె నవల పాడుతున్న జోల ఆగిపోయింది 1945లో. గాబ్రియెల్ ర్వా నవల ‘బోనర్ దొకాజ్యోన్’ మాంట్రియల్‌లో రైలుపట్టాల పక్కనున్న సేంట్ హెన్రీ మురికివాడలో నడుస్తుంది. అందులో ఆసుపత్రి ఘట్టం చాలు, నాటి సమాజాన్ని చూపడానికి. జబ్బుపడ్డ చిన్నపిల్లవాడు దానియెల్‌ను కొండమీది ఇంగ్లిష్ ఆసుపత్రిలో చేరుస్తారు. అక్కడ తెల్లటి పక్క, కడుపునిండా తిండి, ఇంట్లో ఎన్నడూ చూడని బొమ్మలు. నర్సు జెన్నీ ప్రేమగా చూసుకుంటుంది, కానీ ఆమెకు ఫ్రెంచి రాదు. తల్లి రోజ్-అన్నాకు వచ్చిన నాలుగు ఇంగ్లిష్ ముక్కలు బిడ్డ సంగతి అడగడానికి చాలవు. పిల్లవాడేమో ఆ నర్సునే కావాలంటాడు. ఇందులో దుర్మార్గులు ఎవరూ లేరు. అందుకే ఆ ఘట్టం అంతగా గుచ్చుకుంటుంది. ర్వా క్యూబెక్ మనిషి కూడా కాదు, మరో రాష్ట్రమైన మానిటోబాలో పుట్టి పెరిగింది. ఈ నవలకు 1947లో ఫ్రాన్సు వాళ్ల ఫెమినా బహుమతి వచ్చింది.

1948లో చిత్రకారుడు పాల్-ఎమీల్ బోర్దువా మరికొందరితో కలిసి ‘రెఫ్యూ గ్లోబాల్’ ప్రకటన విడుదల చేశాడు. మతం కట్టిన గోడలన్నిటినీ కాదంటున్నామన్నది దాని సారం. అచ్చయినవి 400 ప్రతులు. బోర్దువా ఉద్యోగం ఊడింది.

1960 ఎన్నికల్లో జాన్ లెసాజ్ గెలిచాక పదేళ్లలో వచ్చిన మార్పును ‘నిశ్శబ్ద విప్లవం’ అంటారు. బడులు, ఆసుపత్రులు చర్చి చేతినుంచి ప్రభుత్వం చేతికి వచ్చాయి. విద్యుత్ కంపెనీలు జాతీయమయ్యాయి. ‘మన ఇంటికి మనమే యజమానులం’ అన్నది 1962 ఎన్నికల నినాదం. ఆ కోపానికి లెక్కల ఆధారమూ ఉంది. 1961 జనగణన వివరాలతో ఫెడరల్ కమిషన్ ఒకటి క్యూబెక్‌లోని 14 జాతి వర్గాల మగవాళ్ల ఆదాయం పోల్చి చూస్తే, జనాభాలో అత్యధికులైన ఫ్రెంచివాళ్లు 12వ స్థానంలో తేలారు. ఈ నేపథ్యంలోనే 1968లో మిషేల్ లలోంద్ ‘స్పీక్ వైట్’ కవిత రాసింది. బహిరంగంగా ఫ్రెంచి మాట్లాడేవాళ్ల మీదికి ఇంగ్లిష్‌వాళ్లు విసిరే ఈసడింపు మాట అది. కవిత ఆ మాటనే పట్టుకుని, షేక్‌స్పియర్ భాషను పొగుడుతున్నట్టే మొదలై, అదే భాష ఫోర్‌మన్ ఆజ్ఞలోనూ యజమాని లెక్కల పుస్తకంలోనూ ఎలా పలుకుతుందో చూపిస్తూ వియత్నాం దాకా పోతుంది. 1970 మార్చి 27 రాత్రి మాంట్రియల్ కవిసమ్మేళనంలో ఆమె దాన్ని చదవడం సినిమాగా దొరుకుతుంది. వినేవాళ్లకే ఒళ్లు జలదరిస్తుంది.

సినిమా సంగతికి వస్తే, క్యూబెక్ తనను తాను చూసుకోవడం నేర్చుకున్నది ఫెడరల్ ప్రభుత్వపు డబ్బుతో! కెనడాను ఒక్కటిగా చూపడానికి 1939లో పెట్టిన జాతీయ ఫిల్మ్ బోర్డు 1956లో ఒట్టావా నుంచి మాంట్రియల్‌కు మారింది. అక్కడి ఫ్రెంచి కుర్రాళ్లు తేలికపాటి కెమెరాలు భుజాన వేసుకుని, అక్కడికక్కడే శబ్దం పట్టే యంత్రాలతో వీధుల్లో పడ్డారు. రాసిచ్చిన వ్యాఖ్యానం కాకుండా జనం గొంతు జనం గొంతుగానే తెరమీద వినిపించింది. పియెర్ పెరో, మిషెల్ బ్రో 1963లో తీసిన ‘పూర్ లా సుయిత్ దు మోంద్’ వీటిలో తలమానికం. సెయింట్ లారెన్స్ నదిలోని ఒక దీవి, ఈల్-ఒ-కూద్ర్. అక్కడ 1924తో ఆగిపోయిన తెల్ల తిమింగలాల వేటను మళ్లీ చేసి చూపమని దర్శకులు దీవివాసులను అడుగుతారు. పోటు తీసినప్పుడు నదిబురదలో వరసగా సన్నని కర్రలు పాతుతారు. పోటుతో లోపలికి వచ్చిన తిమింగలం ఆ కర్రల అదురుకు బెదిరి వరస దాటలేక, నీరు తగ్గేసరికి చిక్కుకుపోతుంది. పట్టిన ఒక్కదాన్ని న్యూయార్క్ అక్వేరియానికి చేరుస్తారు. నాకు ఎక్కువ ఇష్టమైనది మాత్రం వేట కాదు, ముసలివాళ్ల వాదన. ఈ వేట పద్ధతి మొదట ఎవరిది? ఫ్రాన్సు నుంచి వచ్చిన తాతముత్తాతలదా, అంతకుముందే ఉన్న ఆదివాసులదా? అలెక్సీ ట్రాంబ్లే అనే వృద్ధుడు ఒక పట్టాన తగ్గడు. వాదన తేలదు.

1970 అక్టోబరులో, క్యూబెక్ కెనడా నుంచి విడిపోయి వేరే దేశం కావాలనే స్వాతంత్ర్యవాద సాయుధ దళం బ్రిటిష్ దౌత్యవేత్తనూ, క్యూబెక్ మంత్రి పియెర్ లాపోర్త్‌నూ అపహరించింది. లాపోర్త్ హత్యకు గురయ్యాడు. యుద్ధకాలపు చట్టం కింద దాదాపు 500 మందిని అరెస్టు చేశారు, చాలామందిపై ఏ అభియోగమూ మోపకుండానే వదిలేశారు. బ్రో తీసిన ‘లేజోర్ద్ర్’ 1974లో వచ్చింది. జైలుకెళ్లిన అయిదుగురు మామూలు మనుషుల కథ. బయటి ప్రపంచం నలుపుతెలుపుల్లో, జైలు రంగుల్లో ఉంటుంది. నటులు మొదట తమ సొంత పేరు చెప్పి, తర్వాత ఏ పాత్ర వేస్తున్నారో చెబుతారు. ఉద్యమ నినాదం ఒక్కటీ లేదు. పాలు తాగే బిడ్డను వదిలి వెళ్లడం, తలుపు చప్పుడు, అవమానం మాత్రమే ఉన్నాయి. కాన్ చిత్రోత్సవంలో బ్రోకు ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చింది.

ఈ ఊపులోనే ‘ఫ్రెంచి కెనడియన్’ పోయి ‘క్యూబెక్వా’ అన్న పేరు వచ్చింది. కొత్త పేరుకు ఒక భూభాగం ఉంది, ప్రభుత్వం ఉంది, రేపు దేశం కావచ్చన్న ఆశ ఉంది. కానీ గీత గీస్తే కొందరు బయట పడతారు. 1967లో మాంట్రియల్‌లో జరిగిన ఫ్రెంచి కెనడా మహాసభలో ఈ చీలిక బట్టబయలైంది. ఒంటారియో, మానిటోబాల ఫ్రెంచివాళ్లు ఒక్కసారిగా ఎవరికీ చెందనివాళ్లయ్యారు. ఒంటారియోలో 1912 నుంచి 1927 దాకా బడుల్లో ఫ్రెంచిని దాదాపు తుడిచిపెట్టిన నిబంధనతో పోరాడిన జనం వాళ్లు. గని పట్టణం సడ్‌బరీలో 1970ల మొదట్లోనే సొంత నాటకసంస్థ, సొంత ప్రచురణసంస్థ పెట్టుకున్నారు.

అంతకన్నా పాత గాయం అకాడియన్లది. అట్లాంటిక్ తీరంలోని వీళ్లను 1755 నుంచి బ్రిటిష్‌వాళ్లు ఓడల్లో కుక్కి నానా దిక్కులకూ తరిమేశారు. ఆంతొనీన్ మాయె 1971లో రాసిన ‘లా సాగ్విన్’ ఆ తీరంలో ఇళ్లు తుడిచే 72 ఏళ్ల ముసలమ్మ ఏకపాత్ర. బకెట్టు, తుడుపుగుడ్డ పక్కన పెట్టుకుని మాట్లాడుతుంటుంది. ఒకరోజు జనాభా లెక్కలవాళ్లు వచ్చి జాతీయత ఏమిటని అడుగుతారు. ఆమెకు చిక్కు వచ్చిపడుతుంది. అమెరికన్లమా? వాళ్లకు డబ్బుంది, మాకు లేదు. కెనడియన్లమా అంటే వాళ్లు ఇంగ్లిష్ మాట్లాడతారు. ఫ్రెంచివాళ్లు ఫ్రాన్సులో ఉంటారు, క్యూబెక్వాలు క్యూబెక్‌లో ఉంటారు. అకాడియన్లం అని చెబితే, అది దేశం కాదు, జాతీయత కాదు, పుస్తకంలో లేదు అంటారు లెక్కలవాళ్లు. చివరికి తమను ఆదివాసుల గడిలో రాసుకుని పోయి ఉంటారని ఆమె అనుమానం. అయిదు నిమిషాల ఆ మాటలు చదివితే లావుపాటి సిద్ధాంత గ్రంథాలు పక్కన పెట్టేయవచ్చు. బహిష్కృతులు ఎద్దుబండితో పదేళ్లు నడిచి తిరిగొచ్చిన కథతో మాయె 1979లో ఫ్రాన్సువాళ్ల గోంకూర్ సాహిత్య బహుమతి గెలిచింది. కెనడా నుంచి ఆ బహుమతి అందుకున్న మొదటి మనిషి ఆమె.

రెండు ప్రజాభిప్రాయ సేకరణల్లోనూ స్వాతంత్ర్యం ఓడింది. 1980లో తేడా పెద్దది. 1995లో ‘వద్దు’ అన్నవాళ్లు 50.58 శాతం. మధ్యలో దెనీ అర్కాన్ 1986లో తీసిన సినిమాలో చరిత్ర ఆచార్యులు వంట చేసుకుంటూ శృంగారం గురించి తెగ మాట్లాడుకుంటారు, దేశం ఊసు ఎత్తరు. అలసటను అంత నిక్కచ్చిగా చూపిన సినిమా మరొకటి లేదు. దాని కొనసాగింపు ‘లేజేన్వాజ్యోన్ బార్బార్’ 2004లో ఆస్కార్ తెచ్చుకుంది. అందులో ఒక మతగురువు చర్చి అడుగున దాచిన విగ్రహాలను కొనేవాళ్ల కోసం పురావస్తువుల నిపుణురాలికి చూపిస్తాడు. 1966లో ఉన్నట్టుండి కొన్ని నెలల్లోనే చర్చిలు ఖాళీ అయిపోయాయని చెబుతాడు. ఆమె చూసి, స్థానికులకు ఇవి జ్ఞాపకాలే గానీ బజారులో వీటికి ధర లేదంటుంది.

ఈలోగా బడిలో ‘మనం’ మారిపోయింది. 1977 నాటి 101వ చట్టం వలస వచ్చినవారి పిల్లలను ఫ్రెంచి బడులకు పంపింది. ఫ్రెంచిని కాపాడటానికి తెచ్చిన చట్టం ఇటలీ, హైతీ, వియత్నాం, లెబనాన్ మూలాలున్న ఫ్రెంచి రచయితలను, ప్రేక్షకులను పెంచింది. ఇటలీ నుంచి వచ్చిన నాటకకర్త మార్కో మికోనె 1989లో ‘స్పీక్ వాట్’ అనే కవితతో లలోంద్‌కు బదులిచ్చాడు. యజమాని ఇప్పుడు ఫ్రెంచి మాట్లాడినా ఫ్యాక్టరీలో కష్టపడేది మేమే కదా, మా బాధలు చెప్పుకునే భాష కూడా నేర్పండి అన్నది అందులోని పాయింటు. కొందరికి మండింది, మండాల్సిందే. హైతీ నియంతృత్వం నుంచి 1976లో మాంట్రియల్ చేరిన దానీ లాఫెరియేర్ ‘నేను జపాన్ రచయితను’ అని నవలకు పేరుపెట్టి, ఈ గుర్తింపు ప్రశ్నలనే ఆటపట్టించాడు. 2013లో ఫ్రెంచి అకాడెమీ ఆయనను సభ్యుడిగా ఎన్నుకుంది. వజ్దీ మువావద్ నాటకం ‘ఎన్సాన్దీ’లో, 2010లో దెనీ విల్‌నవ్ తీసిన దాని సినిమాలో, తల్లి వీలునామా చదివే మాంట్రియల్ నోటరీ ఆఫీసులో కథ మొదలై పేరు చెప్పని అరబ్బు దేశపు అంతర్యుద్ధంలోకి వెళుతుంది. క్యూబెక్ ఆ కథలో మాట నిలబెట్టుకునే ఒక నోటరీ, అంతే. అది చిన్న పాత్రే, గౌరవమైన పాత్ర.

ఆదివాసుల దగ్గర మాత్రం లెక్క ఇంకా తేలలేదు. 2018లో నాటక దర్శకుడు రాబర్ట్ లెపాజ్ చేసిన రెండు ప్రదర్శనలు రభస రేపాయి. నల్లజాతి బానిసల పాటలతో కూర్చిన ‘స్లావ్’లో నటబృందం ఎక్కువగా తెల్లవాళ్లే కావడంతో మాంట్రియల్ జాజ్ ఉత్సవం దాన్ని మధ్యలో ఆపేసింది. ఆదివాసుల చరిత్ర మీది ‘కనాటా’లో ఆదివాసీ నటులు లేరని బహిరంగ లేఖ వచ్చింది. తమ కథ తాము చెప్పుకోవడానికి వందేళ్లు పోరాడిన జనానికి, ఇంకొకరు అదే మాట తమతో అంటే వినడం కష్టమైంది. కళాస్వేచ్ఛ అన్న వాదన తీసిపారేయలేనిదే గానీ, సాగ్విన్ ముసలమ్మ తనను ఏ గడిలో రాశారోనని చింతించిన ఆ గడిలో నిజంగా బతికేవాళ్లను సంప్రదిస్తే స్వేచ్ఛకు వచ్చే లోటేమిటో నాకు అర్థం కాదు.

ఆ గడిలోంచి గొంతు ఎప్పుడో వినిపించింది. ఇన్నూ జాతి రచయిత్రి ఆన్ ఆంతాన్ కాపెష్ 1976లో తన భాషలో రాసి, పక్కనే ఫ్రెంచి అనువాదంతో అచ్చువేయించిన పుస్తకం ‘నేనొక పాడు ఆటవికురాలిని’. తిట్టునే అట్ట మీద పేరుగా వేసుకుంది. ఉత్తరాన షెఫర్‌విల్‌లో ఇనుప ఖనిజం కనిపెట్టింది ఒక ఫ్రెంచి మిషనరీ అన్న కథనాన్ని ఆమె ఒప్పుకోదు. రాయి ఎక్కడుందో చూపింది తమవాడేనని వాదిస్తుంది. తిమింగలాల వేట ఎవరిదని దీవిలో ముసలివాళ్లు తేల్చలేని తగువుకు అటువైపు నుంచి వచ్చిన వాంగ్మూలం ఇది. పుస్తకం చాలా ఏళ్లు దొరకలేదు. 2019లో ఇన్నూ నవలా రచయిత్రి నవోమీ ఫోంతేన్ ముందుమాటతో మళ్లీ అచ్చయింది. ప్రచురించింది హైతీ నుంచి వలస వచ్చిన కవి రోడ్నీ సేంటెల్వా మాంట్రియల్‌లో 2003లో పెట్టిన సంస్థ.